తప్పెవరిది? నష్టమెవరిది? – కార్మిక నష్టపరిహారపు చరిత్ర

1835లో ఇంగ్లండులోని లింకన్‌షైరు ప్రాంతమున, మార్కెట్ డీపింగు అను చిన్న పట్టణములో, మాంసవ్యాపారి యొకడు తన సరకును బండి కెక్కించి పంపెను. ఆ బండి వెంట చార్లెస్ ప్రీస్ట్‌లీ అను పనికుఱ్ఱవాడు వెళ్లెను. బండిపై అది మోయదగిన దానికంటె ఎక్కువ బరువుండెను. దారిలో అది విరిగి కూలగా కుఱ్ఱవాని తొడయెముక విరిగెను. అతని పక్షమున యజమానిపై దావా వేసిరి. లింకన్ పట్టణములో జ్యూరీ అతనికి 100 పౌనుల పరిహారము నిర్ణయించెను. కాని 1837లో పై న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను.

న్యాయాధిపతి లార్డ్ అబింజరు చెప్పిన కారణములు గమనింపదగినవి. ఇటువంటి దావాను అంగీకరించినచో, తడి దుప్పటి పఱచిన దాసి తప్పునకును, వంటమనిషి అజాగ్రత్తకును, బండి చేసినవాని పొరపాటునకును యజమాని తన సేవకులకు జవాబు చెప్పవలసి వచ్చునని ఆయన భయపడెను. బండి బరువు సంగతి యజమానికి తెలిసినంతగా సేవకునికిని తెలియును. ప్రమాదకరమని తోచిన పనిని అతడు నిరాకరింపవచ్చును గదా అనియు వాదించెను. పనిని నిరాకరించినవానికి మరునాడు కూలి ఎట్లు దొరకునను ప్రశ్నకు మాత్రము ఆ తీర్పులో తావు లేదు.

ఈ చిన్న వ్యాజ్యము తరువాత పలు దశాబ్దములపాటు లెక్కలేనంతమంది కార్మికుల బ్రతుకులను శాసించెను. దాని పట్టు ఎట్లు సడలినదో తెలుపు చరిత్ర న్యాయవాదులకు మాత్రమే చెందినది కాదు. అందులో గణితమునకును వైద్యమునకును కూడ ముఖ్యమైన పాత్ర కలదు.

మూడు అడ్డుగోడలు

ప్రీస్ట్‌లీ వ్యాజ్యమునుండి పుట్టిన సూత్రమును 1842లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర న్యాయస్థానము మరింత దృఢపఱచెను. ఫార్వెల్ అను రైలింజను డ్రైవరు, పట్టాలు మార్చు సాటి ఉద్యోగి పొరపాటువలన రైలు పట్టా తప్పగా, తన కుడిచేతిని పోగొట్టుకొనెను. అతని వేతనము దినమునకు 2 డాలర్లు. ప్రధాన న్యాయాధిపతి లెమ్యూల్ షా, ప్రమాదము హెచ్చుగా నున్న పనికి వేతనముకూడ హెచ్చుగా నుండును గనుక ఆ వేతనములోనే పరిహారము ఇమిడియున్నదని తీర్పు చెప్పెను.

ఈ విధముగా గాయపడిన కార్మికుని ఎదుట మూడు అడ్డుగోడలు లేచినవి. మొదటిది: తప్పు సాటి పనివానిదైనచో యజమాని బాధ్యుడు కాడు. రెండవది: ప్రమాదమని తెలిసియు పనిలో చేరినవాడు దానిని అంగీకరించినట్లే. మూడవది: గాయపడినవాని అజాగ్రత్త కొంచెమున్నను అతనికి పరిహారము లేదు. ఈ మూడింటిని దాటినను, యజమాని స్వయముగా తప్పు చేసెనని సాక్ష్యముతో ఋజువు చేయవలెను. ఆ సాక్ష్య మీయవలసినవారు అదే యజమాని క్రింద పనిచేయు తోటివారు.

మాంసపు బండి కాలములో ఈ వాదమునకు కొంత అర్థమున్నదని అనుకొనవచ్చును. ఆవిరియంత్రము వచ్చిన తరువాత అదియు లేకపోయెను. బాయిలరు ప్రేలినప్పుడు తప్పు ఎవరిది? రేకు పోతపోసినవానిదా, గొట్టమును అతికినవానిదా, నిప్పు వేసినవానిదా, ఒత్తిడి చూడవలసినవానిదా? ప్రేలుడులో యంత్రముతోపాటు సాక్ష్యముకూడ తునాతునకలగును. చాల ప్రమాదములలో వేలెత్తి చూపదగిన తప్పు ఎవ్వరియందును కనబడదు. అయినను చేయి పోయినవానికి చేయి పోయినదే.

ఫ్రాన్సు దేశములో ఈ చిక్కు 1896లో స్పష్టముగా బయటపడెను. ఒక చిన్న ఆవిరి ఓడలో గొట్టపు అతుకు లోపమువలన ప్రేలుడు జరిగి, యంత్రము చూచు మెకానిక్కు మరణించెను. ఆ లోపము పైకి కనబడునది కాదు. ఓడ యజమాని దానిని ఎరుగడు. అయినను ఫ్రెంచి సర్వోన్నత న్యాయస్థానము, వస్తువు ఎవరి అధీనములో నున్నదో వారే దానివలన కలిగిన హానికి బాధ్యులని నిర్ణయించెను. రెండు సంవత్సరములు గడువకముందే, 1898 ఏప్రిల్ 9వ తేదీన, అచ్చట పరిహార చట్టము వచ్చెను. దానికి ఆధారమైన భావమును ఫ్రెంచివారు 'వృత్తిగతమైన అపాయము' అని పిలిచిరి. అనగా ప్రమాదము ఒక వ్యక్తి తప్పు కాక, ఆ వృత్తిలోనే ఇమిడియున్న లక్షణము.

జర్మనీ చేసిన ప్రయత్నము

ఈ భావమును అంతకు ముందే చట్టముగా మార్చిన దేశము జర్మనీ. అచ్చట 1871 నాటి శాసనము కర్మాగారములలో గాయపడినవారిని తప్పు ఋజువు చేయుమనియే కోరెను. దావాలు పెరిగినవి, ద్వేషములు పెరిగినవి, పరిహారము మాత్రము కొందరికే దక్కెను. కార్మికోద్యమము బలపడుచున్న ఆ కాలమున, వారి మనస్సులను ప్రభుత్వమువైపు త్రిప్పవలెనను రాజకీయోద్దేశముకూడ ఛాన్సలరు బిస్మార్కునకు ఉండెను. 1884 జులై 6వ తేదీన ప్రమాద బీమా చట్టము వెలువడి, 1885 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను.

దాని ఏర్పాటు సులభమైనది. ఒక్కొక్క పరిశ్రమకు చెందిన యజమానులందరును ఒక సంఘముగా ఏర్పడవలెను. పరిహారపు ఖర్చును ఆ సంఘమే భరింపవలెను; కార్మికులు చెల్లించునది లేదు. మొదటి 13 వారములు అనారోగ్య నిధి చూచును. ఆ తరువాత ప్రమాద బీమా ఆదుకొనును. పూర్తిగా పని చేయలేనివానికి వేతనములో మూడింట రెండు వంతులు, మరణించినవాని భార్యకు ఐదవ వంతు పింఛనుగా లభించును. తప్పెవరిదను ప్రశ్నయే లేదు. బుద్ధిపూర్వకముగా ప్రమాదము కల్పించుకొన్నవానికి మాత్రము హక్కు లేదు.

ఇది ఒక బేరము. కార్మికుడు పూర్తి నష్టమును కోరు హక్కును వదలుకొని, నిశ్చయముగా అందెడి కొంత భాగమును తీసికొనెను. యజమాని తన నిర్దోషిత్వమును నిరూపించుకొను అవకాశమును వదలుకొని, ఊహింపరాని పెద్ద దావాల భయమునుండి బయటపడెను. తరువాత ఇతర దేశములలో వచ్చిన చట్టములన్నింటికిని మూలమిదియే.

లెక్కలు చెప్పిన మాట

ఒక ప్రశ్న సహజముగా పుట్టును. ఎవరికి ఎప్పుడు జరుగునో తెలియని ప్రమాదమునకు ముందుగా డబ్బు కూర్చుట ఎట్లు? దీనికి సమాధానము సంభావ్యతా గణితములో కలదు. అబింజరు తీర్పు చెప్పిన 1837లోనే ఫ్రెంచి గణితజ్ఞుడు ప్వాసాఁ, అరుదైన సంఘటనల లెక్కకు మూలమైన సూత్రమును ఒక గ్రంథములో ప్రకటించెను. ఆ గ్రంథ విషయము న్యాయస్థానపు తీర్పులలోని సంభావ్యత యగుట విశేషము.

అరువదియొక్క సంవత్సరముల తరువాత, 1898లో, బోర్ట్‌కీవిచ్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఆ సూత్రమునకు ప్రసిద్ధమైన ఉదాహరణ చూపెను. ప్రష్యా సైన్యములో గుఱ్ఱము తన్ని మరణించిన సైనికుల సంఖ్యలను ఆయన పరిశీలించెను. 10 సైనిక దళములలో 20 సంవత్సరములకు 200 లెక్కలు వచ్చినవి. మొత్తము మరణములు 122. అనగా ఒక దళమునకు ఒక సంవత్సరములో సగటున 0.61. ఒక్క మరణమైనను లేని సందర్భములు 109, ఒకటి యున్నవి 65, రెండున్నవి 22, మూడున్నవి 3, నాలుగున్నది 1. ప్వాసాఁ సూత్రము ప్రకారము రావలసిన సంఖ్యలు వరుసగా 109, 66, 20, 4, 1. ఏ గుఱ్ఱము ఎవనిని తన్నునో ఎవ్వరును చెప్పలేరు. ఏడాదికి ఎందరు మరణింతురో మాత్రము దాదాపుగా చెప్పవచ్చును. పరిశ్రమల సంఘములలోని ప్రమాద మరణములను కూడ ఆయన ఇట్లే పరీక్షించెను.

దీనినుండి మరియొక సంగతి తేలును. ఒక పరిశ్రమలో ఏటా 10,000 మందికి సగటున 10 మంది ప్రమాదమున మరణింతురని అనుకొందము. ఈ సూత్రము ప్రకారము సహజమైన హెచ్చుతగ్గు ఆ సంఖ్యయొక్క వర్గమూలమునకు సమానము. అనగా సుమారు 3. ఇది సగటులో 30 శాతము. అదే 10 లక్షల మంది కార్మికులున్నచో సగటు 1,000. హెచ్చుతగ్గు సుమారు 32, అనగా 3 శాతము మాత్రమే. కూటమి పెద్దదైనకొలది అనిశ్చయము తగ్గును. ఒక చిన్న యజమానిని దివాలా తీయింపగల ప్రమాదము, పరిశ్రమ మొత్తమునకు సరకు ధరలో చేరు చిన్న ఖర్చగును.

లెక్క మరియొక మేలు చేసెను. జర్మనీ సంఘములు ఒక్కొక్క పనియందలి అపాయమును కొలిచి, దానినిబట్టి చందాలు నిర్ణయించినవి. ప్రమాదములు తగ్గినచో ఖర్చు తగ్గును గనుక, యంత్రములకు కంచెలు వేయుటకును, తనిఖీదారులను నియమించుటకును సంఘములే పూనుకొన్నవి. 'తప్పెవరిది' అను ప్రశ్న గాయపడినవానివైపు చూచుచుండెను. 'ఎన్ని జరుగుచున్నవి, ఎందువలన' అను ప్రశ్న యంత్రమువైపు చూడ నేర్పెను.

ఇంగ్లండు, అమెరికా

ఇంగ్లండులో 1897లో జోసెఫ్ ఛాంబర్లేన్ కృషివలన పరిహార చట్టము వచ్చెను. మొదట రైల్వేలు, గనులు, కర్మాగారములు వంటి అపాయకరమైన పనులకే అది వర్తించెను. 1906లో దాని పరిధి మిక్కిలి విస్తరించెను. సాటి పనివాని తప్పు అను పాత అడ్డుగోడ మాత్రము దావాలలో 1948 వరకు నిలిచియుండెను.

అమెరికాలో క్రిస్టల్ ఈస్ట్‌మన్ అను న్యాయవాది పిట్స్‌బర్గు ప్రాంతమున ఇంటింటికిని తిరిగి లెక్క తీసెను. 1906 జులై మొదలు ఒక్క సంవత్సరములో ఆ ఒక్క జిల్లాలోనే 526 మంది పనిలో మరణించిరి. వారిలో 195 మంది ఉక్కు కార్మికులు, 125 మంది రైల్వేవారు, 71 మంది గనిపనివారు. 1910లో వెలువడిన ఆమె గ్రంథము ప్రజలను కదిలించెను. న్యూయార్కు రాష్ట్రము ఆ సంవత్సరమే చట్టము చేసెను. కాని 1911 మార్చి 24న, తప్పు లేని యజమానివద్ద డబ్బు తీసికొనుట రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర న్యాయస్థానము దానిని కొట్టివేసెను. మరునాడే, మార్చి 25న, న్యూయార్కు నగరములో ట్రయాంగిల్ అను దుస్తుల కర్మాగారములో మంటలు చెలరేగి 146 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది యువతులు. తలుపు తాళము వేసియుండుటచే చాలమంది బయటికి రాలేకపోయిరి. అటుపిమ్మట రాష్ట్ర రాజ్యాంగమునే సవరించి, మరల చట్టము తెచ్చిరి. 1917లో దేశపు సుప్రీంకోర్టు దానిని ఆమోదించెను. అన్ని రాష్ట్రములకును చివర 1948లో మిసిసిపీ ఈ త్రోవలోనికి వచ్చెను.

వ్యాధి ప్రమాదమగునా?

చేయి విరుగుట ఒక్క క్షణములో జరుగును. ఊపిరితిత్తులు చెడుటకు ఇరువది సంవత్సరములు పట్టవచ్చును. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని, రోగిని చూచినప్పుడు 'నీ వృత్తి యేమి?' అనికూడ అడుగుడని వైద్యులకు బోధించెను. 1775లో పెర్సివల్ పాట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు, పొగగొట్టములు తుడుచువారికి వచ్చు ఒక క్యాన్సరునకు మసి కారణమని చూపెను. అయినను న్యాయస్థానములో ఒక్కొక్క రోగి తన వ్యాధికి పనియే కారణమని ఋజువు చేయుట మిగుల కష్టము. ఏలయన దగ్గునకును జ్వరమునకును కారణములు పెక్కు.

1906 నాటి ఆంగ్ల చట్టము దీనికొక ఉపాయము కనుగొనెను. ఆరు వ్యాధుల పట్టికను తయారుచేసి, ప్రతి వ్యాధికి ఎదురుగా దానిని కలిగించు పనిని వ్రాసిరి. సీసము, పాదరసము, భాస్వరము, పాషాణము అను వానివలని విషబాధలును, ఆంత్రాక్సు, కొంకిపురుగు వ్యాధియు అందు చేరినవి. పట్టికలోని పనిచేయువానికి దాని కెదురుగా నున్న వ్యాధి వచ్చినచో, పనియే కారణమని చట్టము భావించును. రమజ్జీని ప్రశ్నకు చట్టములో చోటు దొరకుటకు రెండు శతాబ్దములు పట్టెను.

మన దేశములో

మన దేశమున కార్మిక పరిహార చట్టము 1923లో ఆమోదింపబడి, 1924 జులై 1 నుండి అమలులోనికి వచ్చెను. అందలి మూలవాక్యము ఆంగ్ల చట్టమునుండి వచ్చినది: పనివలనను, పనికాలములోను కలిగిన ప్రమాదమునకు యజమాని పరిహార మీయవలెను. మరణమునకు 30 నెలల వేతనము లేక 2,500 రూపాయలు, ఏది తక్కువైన అది. శాశ్వతముగా పూర్తి అశక్తత కలిగినచో 42 నెలల వేతనము లేక 3,500 రూపాయలు, ఏది తక్కువైన అది. ఇవి ఆనాటి మొత్తములు. పాత అడ్డుగోడలలో సాటి పనివాని తప్పు అనుదానిని 1938లో మరియొక చట్టము తొలగించెను.

తరువాతి సవరణలు లెక్కను మార్చినవి. మరణమునకు నెలవేతనములో 50 శాతమును, పూర్తి అశక్తతకు 60 శాతమును తీసికొని, వయస్సునుబట్టి పట్టికలోని గుణకముతో హెచ్చింపవలెను. 25 ఏండ్ల వానికి ఆ గుణకము 216.91, 40 ఏండ్ల వానికి 184.17, 50 ఏండ్ల వానికి 153.09. చిన్నవయస్సువానికి సంపాదింపవలసిన కాలము ఎక్కువగా మిగిలియుండుటయే ఈ భేదమునకు కారణము. లెక్కకు తీసికొను వేతనపు గరిష్ఠ పరిమితిని 2020 జనవరిలో 15,000 రూపాయలుగా నిర్ణయించిరి. ఆ వేతనముగల 40 ఏండ్ల కార్మికుడు మరణించినచో, 7,500ను 184.17తో హెచ్చింపగా 13,81,275 రూపాయలగును. ఈ లెక్కను హైస్కూలు విద్యార్థియు చేయగలడు. కార్మికుల ఇండ్లలోని పిల్లలు చేసి చూడదగినది.

అంగనష్టమునకు వేరొక పట్టిక కలదు. బొటనవ్రేలు పోయినచో 30 శాతము, రెండవ కన్ను బాగుండగా ఒక కన్ను పోయినచో 40 శాతము అని అందు వ్రాసిరి. కాని పట్టిక మనిషిని పూర్తిగా కొలవలేదు. 1968లో ఒక వడ్రంగి పనిలో క్రిందపడగా, అతని ఎడమచేతిని మోచేతికి పైన తీసివేసిరి. ఇది పాక్షిక నష్టమేయని యజమాని వాదించెను. ఒక్క చేతితో వడ్రంగము చేయుట సాధ్యము కాదు గనుక నష్టము 100 శాతమని 1975లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. పరిహారము బాకీ పడునది తీర్పు నాడు కాదు, ప్రమాదము జరిగిన నాడే అనియు చెప్పెను. చట్టము కొలువవలసినది పోయిన మాంసమును కాక, పోయిన జీవనోపాధిని అనుట ఈ తీర్పు సారాంశము.

చట్టపు హద్దులను గూర్చియు వివాదములు కలిగెను. 1952లో ఉప్పుపనికి వెళ్లివచ్చు కూలీలు కాలువ దాటుచుండగా పడవ మునిగి కొందరు మరణించిరి. ఆ రేవు అందరును వాడునది గనుక అది పనికాలములో జరిగిన ప్రమాదము కాదని 1958లో సుప్రీంకోర్టు తేల్చెను. ఇంటినుండి పనికి రాకపోకలలో జరిగిన ప్రమాదమునకు పనితో సంబంధమున్నచో, దానినికూడ పనిలో జరిగినదిగా భావింపవలెనను నిబంధన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరెను.

జర్మనీ పద్ధతికి దగ్గరైన బీమా మన దేశమునకు స్వాతంత్ర్యానంతరము వచ్చెను. ఆచార్య అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక ఆధారముగా 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టము వచ్చి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలు ప్రారంభమయ్యెను. ఈ బీమా ఉన్నచోట గాయమునకు నగదు, చికిత్స బీమాసంస్థయే ఇచ్చును. అదే గాయమునకు యజమానినుండి వేరుగా పరిహారము కోరరాదు. బీమా లేనిచోట పరిహార చట్టమే దిక్కు.

ఆ చట్టముక్రింద కార్మికుడు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. ప్రమాదమును వెంటనే యజమానికి తెలుపవలెను. చికిత్స కాగితములను, వేతనపు ఆధారములను భద్రపఱచుకొనవలెను. యజమాని ఇయ్యనిచో రెండేండ్లలోపుగా కమిషనరునకు అర్జీ పెట్టవలెను. నెలలోపల చెల్లింపని యజమానిపై 12 శాతము వడ్డీయు, తగిన కారణము లేనిచో సగమువరకు జరిమానాయు పడును. కంట్రాక్టరు క్రింది కూలీ ప్రధాన యజమానినే అడుగవచ్చును. హక్కును వదలుకొనుచు వ్రాసియిచ్చిన కాగితము చెల్లదు. మరణ పరిహారమును కుటుంబమునకు నేరుగా ఇచ్చి చేతులు కడుగుకొనుటకు వీలులేదు, కమిషనరువద్దనే జమకట్టవలెను.

1923 చట్టమును, 1948 చట్టమును, మరి ఏడు చట్టములను కలిపిన సామాజిక భద్రతా స్మృతిని 2025 నవంబరు 21 నుండి కేంద్రప్రభుత్వము అమలులోనికి తెచ్చెను. వేతనపు శాతము, వయస్సు గుణకము అను పాత లెక్క అందులోను నిలిచియున్నది. ప్రమాదము జరిగిన తేదీనిబట్టి పాత శాసనమా, కొత్త శాసనమా అనునది చూచుకొనవలెను.

మిగిలిన ప్రశ్న

ఈ చట్టము యజమాని యొకడున్నాడని తలచి కట్టిన ఇల్లు. సింగరేణి గనిలో దిగువాడును, చక్కెర మిల్లులో పిప్పి ధూళి పీల్చువాడును అందులోనికి రాగలరు. తన కొరకు తానే తాడిచెట్టెక్కు గీతపనివాడు జారిపడినచో, అతనికి యజమాని లేడు. కనుక ఈ చట్టపు నీడ అతనిపై పడదు. అతనికి ప్రభుత్వపు సహాయ పథకములే శరణ్యము. ఇంటింటికి సరకు చేర్చు కుఱ్ఱవానికి యజమాని యెవరనునది నేటి వివాదము. ఇటువంటి పనివారి కొరకు ప్రత్యేక పథకములు ఏర్పఱచవచ్చునని 2020 స్మృతి చెప్పుచున్నది.

ప్రీస్ట్‌లీయు సరకు బండి వెంట వెళ్లినవాడే. అతని తొడ విరిగిననాడు న్యాయస్థానము 'తప్పెవరిది?' అని అడిగెను. 'ఈ పనివలన లాభ పడువారందరును కలిసి ఈ నష్టమును ఎట్లు పంచుకొనవలెను?' అని అడుగుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టెను. ఆ రెండవ ప్రశ్న ఇంకను చేరవలసిన ఇండ్లు కలవు.